గాలి రాయని ఉత్తరం

గువ్వలపల్లి, గోరంట్ల మండలం
6-2-2005
గాలి: తూరుపు, సన్నగా

పాప భారతికి మామ రామాంజులు రాసేది.

నేనూ మీ అత్త మారెక్కా బాగున్నాము. అది మొదట రాయకుంటే నువ్వు కాగితం చివరిదాకా దిగులుగా చదువుతావు.

మొన్న నువ్వు లింగప్ప అంగడికి ఫోను చేసినప్పుడు నేను సరిగా మాట్లాడలేదని మీ అత్త కోప్పడింది. ఫోను చెవికి పెట్టుకుంటే నాకు మాట రాదు పాపా. అంగట్లో ఉన్నవాళ్లంతా నా నోటి వైపే చూస్తారు. "ఊఁ" అన్నాను, పెట్టేసినాను. ఉత్తరమైతే ఎవరూ చూడరు. మీ అమ్మ బతికి ఉన్నప్పుడు కూడా మా అక్కాతమ్ముళ్ల మాటలన్నీ కార్డుల మీదనే.

శనక్కాయ ఈ ఏడు కూడా పోయింది. సాళ్ల నడుమ వేసిన కంది మాత్రం నిలబడింది. కోసి కొట్టినాము. ఇంక చేను శుభ్రం చేయాలి. కంది మోళ్లు, గట్ల మీది కంప పోగేసి శివరాత్రి లోపల కాల్చేది మా నాయన కాలం నుంచి వాడుక. శివరాత్రి దాటితే గాలి తిరుగుతుంది, అప్పుడు నిప్పు ముట్టించకూడదు అని చెప్పేవాడు. మన చేనికి తూరుపున ఎర్రగుండు గుట్ట, నీకు గుర్తుండే ఉంటుంది. తూరుపు గాలి ఉన్నన్నాళ్లూ మంట గుట్ట మీదికి పోదు. ఇవతలి బీడులోకి వచ్చి తనంతట తానే చల్లారుతుంది.

చేను శుభ్రమైనాక, ఉగాది దాటితే ఓబిలేష్ గొర్రెల మంద దించుతాడు. నూరు జీవాలు పది రాత్రులు చేన్లో పడుకుంటే ఆ ఏటికి వేరే ఎరువు అక్కరలేదు. ఆ పది దినాలూ ఆ తల్లీకొడుకులకు కూడు మన ఇంట్లో. వాళ్ల నాయనా మా నాయనా పెట్టుకున్న ఏర్పాటు ఇది. తల్లి బయమ్మ ఇప్పటికీ పొద్దున్నే మజ్జిగకు వస్తుంది, ఊరినంతా తిట్టి పోతుంది. ఎనభై దాటినా గొంతు తగ్గలేదు.

నీ పని ఏమని ఊర్లో అడుగుతారు. "పైనుంచి మంటలు చూస్తాది" అంటాను. నవ్వుతారు. ఇంకొంచెం వివరంగా రాస్తే చెప్పుకుంటాను.

మామ


హైదరాబాదు
16-2-2005

మామకు భారతి నమస్కారాలు.

మీరు ఊర్లో చెప్పింది తప్పేమీ కాదు. మంటలు చూడటమే నా పని. ఒక ఉపగ్రహం రోజూ పొద్దున పదిన్నర, పదకొండు మధ్యలో మన మీదుగా పోతుంది. పోతూ పోతూ నేలంతా బొమ్మ తీస్తుంది. ఎక్కడైనా వేడి ఎక్కువుంటే మా కంప్యూటరు అక్కడ ఎర్ర చుక్క పెడుతుంది. పొగేమో నీళ్లు ఎక్కువైన మజ్జిగలాగా పలచగా కనిపిస్తుంది. పంజాబులో వరి కోసిన తర్వాత కొయ్యలు కాలుస్తారు చూడండి, ఆ పొగ ఊళ్లకు ఊళ్లు దాటి పోతుంది. అది ఎటు పోయింది, ఎంత దూరం పోయింది అని రోజూ గీతలు గీస్తాం.

రాయలసీమ నా వాటాకు ఇచ్చారు. మన వైపు చుక్కలు తక్కువ. కాల్చడానికి పైరుండాలి కదా అని పక్క కుర్చీ సరళ నన్ను ఏడిపిస్తుంది. అయినా ఒక్కో చుక్కకు ఎదురుగా "కారణం" అని ఒక గడి ఉంటుంది. చెరుకు ఆకా, బొగ్గుల బట్టీనా, గుట్టా, అది నేను నింపాలి. ఇక్కడ కూర్చుని ఎలా తెలుస్తుంది? ప్రతి ఉత్తరం మీద గాలి రాయమని మిమ్మల్ని సతాయించింది అందుకే. జిల్లా మొత్తానికి నాకున్న సాక్షి మీరొక్కరే.

మనుషులు కనపడతారా అని అత్త అడిగిందని ముందొక ఉత్తరంలో రాశారు. కనపడరు. ఇల్లు కూడా కనపడదు. ఒక్క చుక్క అంటే కిలోమీటరు నేల.

బయమ్మవ్వ తిట్లు కొన్ని రాసి పంపండి. ఇక్కడ ఎవరికీ తిట్టడం రాదు.

భారతి


హైదరాబాదు
7-3-2005

మామా,

ఈ ఉత్తరం కేవలం సంతోషం పట్టలేక రాస్తున్నాను. మన గువ్వలపల్లి నా బొమ్మలో పడింది!

నాలుగో తేదీ శుక్రవారం, పొద్దున పది నలభై అయిదుకు. రెండు ఎర్ర చుక్కలు, వాటి నుంచి సన్నని పొగ. కదిరి వైపు పదకొండు కిలోమీటర్లు సాగింది. సరళను పిలిచి చూపించాను. "మా అమ్మ పుట్టిన ఊరు" అన్నాను. "పొగ తప్ప ఏముంది అక్కడ?" అంది. "మా మామ ఉన్నాడు" అన్నాను.

ఏం కాలింది మామా? గుట్ట మీద గడ్డేనా? గాలి ఎప్పుడు తిరిగింది? అంతా రాయండి. ఈసారి కారణం గడిలో నిజంగా తెలిసినది రాస్తాను.

భారతి


గువ్వలపల్లి
14-3-2005

పాప భారతికి,

నీ ఉత్తరం అందింది. మేము బాగున్నాము.

నువ్వు చూసినది నిజమే. ఎర్రగుండు కాలింది. పడమటి దిక్కు మొత్తం పోయింది. రెండేండ్ల కిందట ఊరి ఆడవాళ్లు అడవి కమిటీ తరపున నాటిన నేరేడు, సీతాఫలం మొక్కల్లో మూడు వందలు కాలిపోయినాయి. కమిటీ పెద్ద సునంద ఆ బూడిదలో తిరిగి ఒక్కొక్కటే లెక్క పెట్టింది. మనుషులకు ఏమీ కాలేదు.

ఓబిలేష్ కాల్చినాడని అనుకుంటున్నారు. గొర్రెలోళ్లు కొత్త గడ్డి కోసం గుట్ట కాల్చడం మొదటి నుంచీ ఉన్నదే. ఆ దినం గుట్ట మీద ఉన్నది కూడా వాడి మందే. ఇంక వాడి జీవాలను ఏడాది పాటు గుట్ట ఎక్కనీయకూడదని మాట నడుస్తోంది.

బయమ్మ తిట్లు అడిగినావు. "కాల్చినోని చేతులకు పుండ్లు పుట్టనీ" అంటుంది. రోజూ మన అరుగు మీద కూర్చునే అంటుంది.

మీ అత్త నిన్ను అడిగినట్టు రాయమంది. ఎండ ఎక్కువగా ఉంది.

మామ


హైదరాబాదు
24-3-2005

మామకు నమస్కారాలు.

మొక్కల సంగతి చదివి బాధ వేసింది. నేను పొగ చూసి ఎగిరి గంతేశాను. దాని కింద ఏముందో ఆలోచించలేదు.

ఒక విషయం చెప్పాలి. ఇంకో ఉపగ్రహం బొమ్మ వచ్చింది, దీనిలో నేల ఇంకా దగ్గరగా కనిపిస్తుంది. కాలిన మచ్చ నల్లగా స్పష్టంగా ఉంది. దాని ఆకారం విసనకర్ర లాగా ఉంది మామా. వెడల్పాటి రెక్క గుట్ట మీద. సన్నని పిడి మాత్రం గుట్టకు పడమర, చేలల్లో ఉంది. మంట ఎప్పుడూ పుట్టినచోట సన్నగా ఉండి, పోయేకొద్దీ విప్పుకుంటుంది. అంటే ఇది గుట్ట మీద పుట్టలేదు. కింద ఎవరి చేన్లోనో పుట్టి పైకి పోయింది. ఓబిలేష్ మంద ఆ సమయంలో గుట్ట మీద ఉంటే, మంట అతని మీదికి వచ్చింది కానీ అతని దగ్గరి నుంచి రాలేదు.

ఈ మాట మీ కమిటీకి తెలిస్తే అతనికి మేలు. నేను రాయమంటే రాస్తాను. కానీ పైనుంచి చూసినది మాత్రమే రాస్తే ఎవరు నమ్ముతారు? ఊర్లో ఒకరు అవునని అనాలి. ఆ పిడి ఎవరి చేన్లో ఉందో మీకు తెలుస్తుందా?

ఇక్కడ మా పట్టిక ఏప్రిల్ ఆఖరున పైకి పోతుంది. ఆ చుక్కల ఎదురుగా గడి ఇంకా ఖాళీగానే ఉంది. పొగ తూర్పుకు పోయింది కాబట్టి గాలి పడమటిదే అని నాకు తెలుస్తోంది. అయినా ఆ పొద్దున గాలి సంగతి మీరు రాస్తే నాకు ధైర్యంగా ఉంటుంది.

అత్తను అడిగానని చెప్పండి.

భారతి


గువ్వలపల్లి
5-4-2005

పాప భారతికి,

ఉగాది దగ్గర పడింది. ఇంటికి సున్నం కొట్టించినాము. మీ అత్తకు మోకాలి నొప్పి. నాకు ఏమీ లేదు.

బడి వరండాలో కమిటీ కూర్చుంది. జరిగింది జరిగినట్టు రాస్తాను.

సునంద ఓబిలేష్‌ను నిలబెట్టి అడిగింది. "కాల్చినావా లేదా, ఒగటే మాట చెప్పప్పా."

"మా తాత కాల్చినాడు, మా నాయన కాల్చినాడు. నేనూ కాల్చినా, కాదన్ను. మీరు మొక్కలు పెట్టినాక అగ్గిపెట్టె గుట్టకు తీస్కపోలేదు. బీడీ గూడా మానుకున్యా."

"బీడీ మానుకున్నోనివి నిన్న లింగప్ప అంగట్లో ఏం కొంటాంటివి?" అని ఎవరో అన్నారు.

"వక్కాకు."

అందరూ నవ్వినారు. వాడు నవ్వలేదు.

"ఆ దినం గుట్ట మింద జీవాలు యెవురివి?"

"నావే."

"ఇంగెవురన్నా ఉండిరా?"

"లేరు." అప్పుడు వాడు నా వైపు తిరిగినాడు. "సిన్నాయనా, నువ్వు కింద చేన్లోనే ఉంటివి కదా. నేను నిప్పు పెట్టేది నువ్వేమన్నా చూసినావా? చెప్పు."

నేను నేల చూసినాను. "చూడలేదు" అన్నాను. నిజమే కదా పాపా, చూడలేదు. కానీ ఆ మాట అక్కడ ఎవరికీ నిజంలాగా వినపడలేదు. ముసలాయన వాణ్ణి కాపాడలేక తల వంచుకున్నాడు అనుకున్నారు. ఓబిలేష్ కూడా అట్లే అనుకున్నాడు.

ఏడాది పాటు గుట్ట మీదికి జీవాలు పోకూడదని తీర్మానం రాసినారు. ఎండాకాలం మేత లేకుండా ఇక్కడ ఎట్లా ఉంటాడు? నిన్న మందను తోలుకొని గుత్తి అవతల కాలువ కిందికి పోయినాడు. పోతూ మన చేని గట్టు మీద నిలబడి, "ఈ ఏడు మంద దిగదు సిన్నాయనా, ఏమనుకోగాకు" అన్నాడు. నన్ను సమాధానపరిచినాడు.

బయమ్మ ఒంటరిగా ఉంది. మజ్జిగకు వస్తుంది.

నువ్వు అడిగిన పిడి సంగతి నాకు తెలియదు. ఆ పొద్దున గాలి గుర్తు లేదు.

మామ


హైదరాబాదు
14-4-2005

మామకు నమస్కారాలు.

అత్త మోకాలికి మందు ఒకటి పార్సిలు పంపాను. పడుకునే ముందు రాయాలి.

గడి ఖాళీగానే ఉంది. "తెలియదు అని రాసి పంపెయ్, తెలియకపోవడం తప్పు కాదు" అంటారు మా సారు. ఆయన చెప్పింది సబబే. కానీ నాకు మూడేళ్లుగా మీరు గాలి రాస్తున్నారు. ఉత్తరాలన్నీ ఇక్కడ ఒక కట్టగా ఉన్నాయి. రాత్రి తీసి చూశాను.

నేను ఎవరికీ ఏమీ రాయను మామా. మీరు చెబితే, చెప్పినంత రాస్తాను. చెప్పకపోతే "తెలియదు" అని పంపుతాను, ఇంక ఎప్పుడూ అడగను. ఆఖరు తేదీ ముప్పై.

భారతి


గువ్వలపల్లి
22-4-2005
మార్చి నాలుగున గాలి: పొద్దున లేదు. తొమ్మిది దాటినాక పడమర, బలంగా

పాప భారతికి,

పిడి మన చేన్లో ఉంది.

ఆ పొద్దున సద్ది తాగి పోయినాను. మోళ్లు, కంప ముందు దినమే పోగేసి ఉంచినాను. ఆకు కదలడం లేదు. శివరాత్రి ఇంకా నాలుగు దినాలు ఉంది కదా, గాలి వచ్చినా తూరుపుదే వస్తుంది అనుకొని ముట్టించినాను. మూడో పోగు అంటుకున్నాక వీపు మీద గాలి తగిలింది. నా ముఖం గుట్ట వైపు ఉంది. వీపున తగిలింది అంటే పడమర. నాకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది పాపా. నిలబడి ఉన్నాను. అప్పటికే గట్టు దాటింది.

తువాలు తీసి కొట్టినాను. వేప కొమ్మ విరిచి కొట్టినాను. ఎండిన బోద గడ్డి, చేతికి అందదు. అరిచి ఉంటే ఎవరైనా వచ్చేవాళ్లేమో. నేను అరవలేదు. డెబ్బై ఏండ్లలో ఎప్పుడూ అరవలేదు, ఆ దినం కూడా గొంతు రాలేదు. పైన ఓబిలేష్ జీవాలను తోలుకొని అవతలి దిక్కున దిగిపోయేది చూసినాను. వాటికేమీ కాలేదని తెలిసినాక ఇంటికి వచ్చేసినాను.

మీ అత్తకు చెప్పలేదు. ఆమె అడగలేదు. కాలిన తువాలును ఉతికి, బయట దండెం మీద కాకుండా లోపల చీకటి గదిలో ఆరేసింది. అప్పుడు తెలిసింది, ఆమెకు తెలుసని.

ఎందుకు ఇట్లా అయిందని పోయిన ఏటి పంచాంగం, ఈ ఏటిది పక్కపక్కన పెట్టుకొని చూసినాను. పోయిన ఏడు అధిక శ్రావణం వచ్చింది. పండగలన్నీ వెనక్కి జరిగినాయి. పోయినసారి శివరాత్రి ఫిబ్రవరి పద్దెనిమిది. ఈసారి మార్చి ఎనిమిది. పద్దెనిమిది దినాలు వెనక. మా నాయన శివరాత్రి అన్నాడు, నేను శివరాత్రినే పట్టుకున్నాను. గాలి ఎండను బట్టి తిరుగుతుంది, పండగను బట్టి కాదు. ఆయన అధికమాసం ఏట్లో ఏమి చేసేవాడో నేను అడగలేదు. ఆయనా చెప్పలేదు. మా ఇద్దరికీ మాటలు తక్కువ.

మొదటి దినమే చెప్పి ఉంటే అయిపోయేది. రెండో దినానికి ఓబిలేష్ పేరు వచ్చింది. మూడో దినానికి బయమ్మ మన అరుగు మీద కూర్చొని శాపాలు పెట్టింది. దినం గడిచేకొద్దీ నోరు మూసుకుపోయింది. ఆమె మజ్జిగ లోటా నా చేతి నుంచే తీసుకుంటుంది. తీసుకొని, "కాల్చినోని చేతులకు" అని మొదలు పెడుతుంది.

కమిటీ ముందు చెప్పాలి. వాళ్ల ముందు నిలబడితే నాకు మాట రాదని నాకు తెలుసు. నువ్వు చూసిన ఆ విసనకర్ర బొమ్మ కాగితం మీద తీసి పంపగలవా? అది బల్ల మీద పెడతాను. అది మాట్లాడుతుంది. నేను పక్కన నిలబడతాను.

నీ గడిలో ఉన్నది రాసుకో.

మామ


హైదరాబాదు
28-4-2005

మామా,

బొమ్మ ఇందులో పెట్టాను. మడవకుండా అట్ట మధ్యన పెట్టి పంపుతున్నాను. ఊరి దగ్గర నీలం సున్న, చేని దగ్గర ఎర్ర బాణం నేను పెన్నుతో పెట్టినవి. మిగతాది ఉపగ్రహం తీసింది తీసినట్టే ఉంది.

ఇప్పుడు నేను కూడా ఒకటి ఒప్పుకోవాలి. నాకు మార్చి పద్నాలుగో తేదీ ఉత్తరంతోనే తెలిసింది. అప్పటిదాకా మూడేళ్లలో దాని మీద ఒక్కదాని మీదే గాలి లేదు. జ్వరంతో రాసినప్పుడు కూడా "గాలి తెలియడం లేదు, లేవలేదు" అని రాశారు మీరు. తెలిసీ, ఎవరి చేను అని అడిగాను. పైనుంచి అంతా కనపడుతుందన్న ధీమాతో మిమ్మల్ని మూలకు తోశానేమో అని ఇప్పుడు సిగ్గుగా ఉంది.

గడిలో ఇలా రాశాను: "చేను శుభ్రం చేయడానికి పెట్టిన మంట. గాలి తిరగడంతో గుట్టకు పాకింది. ఊరివారి మాట ద్వారా నిర్ధారణ." పేరు లేదు. ఆ పట్టికలో పేర్లకు చోటు లేదు.

నేను రానా? బడి దగ్గర మీ పక్కన నిలబడతాను.

భారతి


గువ్వలపల్లి
20-5-2005
గాలి: పడమర, ధూళి

పాప భారతికి,

నువ్వు రానవసరం లేకుండానే అయిపోయింది. మొన్న మంగళవారం రేంజరు ఊరికి వచ్చినాడు, కొత్త మొక్కల సంగతి మాట్లాడడానికి. కమిటీ మళ్లీ బడి వరండాలో కూర్చుంది. నేను పోయి బొమ్మ బల్ల మీద పెట్టినాను.

"ఏంది పెద్దాయనా ఇది?" అన్నాడు రేంజరు.

"గుట్ట" అన్నాను.

"యెవురు తీసినారు?"

నేను వేలు పైకి చూపించినాను. "సామి తీసినాడంట, ఫోటో బాగా వచ్చింది" అని వెనక ఎవరో అన్నారు. అందరూ నవ్వినారు. నవ్వు తగ్గేదాకా నిలబడినాను. నువ్వు పెట్టిన ఎర్ర బాణం మీద వేలు పెట్టినాను. "నిప్పు ఈడ పుట్టింది. ఇది నా చేను. ముట్టించింది నేను" అన్నాను. ఇంటి దగ్గర ఇరవై మాటలు తయారు చేసుకున్నాను. వచ్చినవి అవే.

రేంజరు బొమ్మ తిప్పి తిప్పి చూసినాడు. "నిన్నెవురూ అడగనే లేదు గదప్పా. నీ మింద నువ్వే సాక్ష్యం తెచ్చుకుంటివే?"

సునంద మాత్రం కుర్చీలో నుంచి లేచింది. "ఓబిలేష్ ఊరొదిలిపెట్టి పోయినాడు సిన్నాయనా. రొండు నెల్లు ఏం చేస్తాంటివి?"

"మాట రాలేదమ్మా."

అప్పుడు ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది.

ముసలివాడని కేసు వద్దన్నారు. కాలిన మూడు వందల మొక్కలకు గుంతలు నేను తవ్వాలి, వాన పడినాక నాటాలి, రెండు ఎండాకాలాలు బండి మీద నీళ్లు తోలి పోయాలి. న్యాయమే. ఓబిలేష్ మీది తీర్మానం కొట్టేసినారు. ఆ మాట గుత్తి వైపు పోయే లారీ డ్రైవరుతో చెప్పి పంపింది సునంద.

తర్వాత బయమ్మ దగ్గరికి పోయినాను. ఆమెకు అప్పటికే ఎవరో చెప్పినారు. గుమ్మంలో కూర్చొని ఉంది.

"నేను తిట్టిన తిట్లన్నీ ఇన్యావా?" అంది.

"విన్నాను."

"అన్నీనా?"

"అన్నీ."

"ఒగటి మరిసిపోయింటి. అది గూడా ఇనుకో" అని అది కూడా తిట్టింది. అది నీకు రాయలేను. తిట్టి, నా చేతులు పట్టుకొని తిప్పి చూసింది. అరిచేతుల్లో కాలిన మచ్చలు ఇంకా ఉన్నాయి. "పుండ్లు అప్పుడే పుట్టిండె గదరా. నేను ఊరికే గొంతు సించుకుంటి" అంది. మరుసటి పొద్దున మజ్జిగకు రాలేదు. ఆ మరుసటి పొద్దున వచ్చింది.

మామ


గువ్వలపల్లి
28-8-2005
గాలి: పడమర, తేమగా

పాప భారతికి,

ఈ ఏడు వాన బాగుంది. మొక్కలు రెండు వందల తొంభై నాటినాను. సునంద వచ్చి వంకరగా ఉన్నవి పీకించి మళ్లీ నాటించింది.

ఓబిలేష్ జూన్‌లోనే వచ్చినాడు. కాలువ కింద పదకొండు జీవాలు జబ్బు చేసి పోయినాయట. నేను వాడింటికి పోయినాను. వాడు గొంగడి పరిచినాడు, కూర్చోమన్నాడు, నీళ్లు ఇచ్చినాడు. తప్పు నాది అన్నాను. "ఊఁ" అన్నాడు. నేను ఫోన్లో అన్నట్టే. ఇంక నేను లేచి వచ్చినాను.

గుట్టకు పోవడానికి మన చేని గట్టే దగ్గర దోవ. వాడు ఇప్పుడు చెరువు కట్ట చుట్టి పోతాడు. మంద సంగతి నేను అడగలేదు. అడిగే ముఖం లేదు.

మామ


గువ్వలపల్లి
12-2-2006
గాలి: తూరుపు

పాప భారతికి,

నిన్న కాల్చినాను. శివరాత్రి ఇంకా పదిహేను దినాలు ఉంది. ఇప్పుడు పండగను చూసుకోవడం లేదు. సునందకు ముందుగా చెప్పినాను. నలుగురు ఆడవాళ్లు కడవలతో, పచ్చి కొమ్మలతో గట్టు మీద నిలబడినారు. వాళ్లు ఉంటే నాకు సిగ్గు, లేకుంటే భయం.

అగ్గిపుల్ల గీసేముందు చేయి ఆగిపోయింది పాపా. గాలి తూరుపే అని తెలుసు, అయినా ఆగిపోయింది. ఎంతసేపు నిలబడినానో. ఆడవాళ్లు ఒకరినొకరు చూసుకుంటున్నారు.

ఓబిలేష్ గుట్ట దిగి వస్తున్నాడు, మందతో. చెరువు కట్ట వైపు తిరగలేదు. మన గట్టు దాకా వచ్చినాడు. వంగి పిడికెడు దుమ్ము తీసి, భుజం ఎత్తు నుంచి వదిలినాడు. అది పడమరకు, ఊరి వైపు పడింది.

"తూరుపే. పైన గూడా చూసొచ్చినా, మాపటిదాకా తిరగదు. ముట్టించు సిన్నాయనా" అన్నాడు.

ఎనిమిది నెలల్లో వాడు నాతో అన్న మొదటి మాట. ముట్టించినాను. ఆఖరి పోగు చల్లారేదాకా వాడు కొమ్మ పట్టుకొని గుట్ట వైపు గట్టు మీద నిలబడినాడు. జీవాలు చెల్లాచెదురుగా పోయినా పట్టించుకోలేదు. అయిపోయినాక మీ అత్త కూడు తిని పొమ్మంది. "ఇప్పుడొద్దులేమ్మా, జీవాలు యాడికి పోయినాయో" అని పోయినాడు.

నీ బొమ్మలో మేము పడినామా? నిన్న పొద్దున, పదీ పదకొండు మధ్య.

మామ


హైదరాబాదు
20-2-2006

మామకు నమస్కారాలు.

పదకొండో తేదీ బొమ్మ తీసి, ఎంత దగ్గరికి పోగలనో అంత దగ్గరికి పోయి చూశాను. చుక్క లేదు. పొగ లేదు. సరళ కూడా చూసింది. "మీ మామ ఈసారి కాల్చలేదేమో" అంది. కాల్చారు, చిన్నగా కాల్చారు అన్నాను.

ఎర్రగుండు మీద పోయిన ఏటి నల్ల మచ్చ దాదాపు కలిసిపోయింది. అంచుల్లో పచ్చగా ఒక గీత ఉంది. అవి మీ మొక్కలని చెప్పుకోవాలని ఉంది, కానీ గడ్డే అయి ఉంటుంది. మొక్కలు కనపడేంత పెద్దవి కావడానికి ఇంకా నాలుగైదేళ్లు పడుతుంది. అప్పుడు చూసి రాస్తాను.

ఈ నెల పట్టికలో గువ్వలపల్లి లేదు. గడి నింపే పని కూడా లేదు.

భారతి


గువ్వలపల్లి
4-4-2006
గాలి: పడమర

పాపా,

కార్డు కదా, చోటు తక్కువ.

నిన్న సాయంత్రం మొక్కలకు నీళ్ల బండి తోలుకొని చేని మీదుగా పోయినాను. గట్టు మీద దడి కట్టె నాటి ఉంది. ఓబిలేష్ అడగలేదు, చెప్పలేదు, మంద దించినాడు. తొంభై నాలుగు జీవాలు. బయమ్మ మన ఇంట్లో కూర్చొని ముద్ద గట్టిగా ఉందని మీ అత్తను తిడుతోంది.

ఇవి నీ బొమ్మలో కనపడవు కదా. అందుకని రాస్తున్నాను.

మామ